తాతగారి పక్కపక్క గొట్టాల తుపాకి చేతికొచ్చింది, గురి మాత్రం కుదరడం లేదు

వైనతేయ_గట్టు | 6 జనవరి, రాత్రి

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లె. ఎనిమిదేళ్లుగా ట్రాప్ కాలుస్తున్నాను, అంటే గాల్లోకి ఎగిరే మట్టి పళ్లేలను తుపాకితో పగలగొట్టే ఆట. సాధన కోసం నెలకు రెండుసార్లు హైదరాబాద్ వెళ్తుంటాను. నాది పైన ఒకటి, కింద ఒకటి గొట్టాలున్న ఇటలీ తుపాకి. పన్నెండు బోరు, 30 అంగుళాల గొట్టాలు, బరువు 3.6 కిలోలు. దానితో 25 పళ్లేలకు 20, 21 పడగొడుతుంటాను.

మా తాతగారికి ఇప్పుడు 84 ఏళ్లు. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్లు నిండినా, తుపాకి ఆయన దగ్గర పాతికేళ్లు ఉన్నా వారసుడు తన పేరున లైసెన్సు కోరవచ్చు. ఆ దారిలోనే ఆయన డబుల్ బ్యారెల్ మొన్న నా పేరు మీదకు వచ్చింది. ఇంగ్లండులో తయారైన పక్కపక్క గొట్టాల తుపాకి. 28 అంగుళాల గొట్టాలు, 2.95 కిలోలు, రెండు ట్రిగ్గర్లు. పిడి వంపు లేకుండా, భుజానికి ఆనే కర్ర నిటారుగా సాగిపోతుంది. ముందు చెక్క చాలా సన్నం, ఎడమ బొటనవేలు ఆనే చోట గళ్ల చెక్కడం అరిగి అద్దంలా నున్నబడింది. ఆ నునుపు మీద వేలు పెట్టినప్పుడు, దీన్ని బీరువాలో దాచి పూజ చేయకూడదు, దీనితో కాల్చాలి అనిపించింది.

ఆదివారం తీసుకెళ్లాను. మొదటి రౌండులో 25కు 9. రెండో రౌండులో 11. రెండో తూటా కోసం ముందు ట్రిగ్గర్‌నే మళ్లీ నొక్కుతున్నాను. తుపాకి తెరిచిన ప్రతిసారీ ట్రిగ్గర్లను ఆపే సేఫ్టీ దానంతట అదే పడిపోతోంది, ఆ సంగతి మరిచి రెండు పళ్లేలు ఊరికే వదిలేశాను. ఇవి నా పొరపాట్లని తెలుసు. కానీ సరిగ్గా చూసి, సరిగ్గా ఊపి కాల్చానని నమ్మినవి కూడా పగల్లేదు. తుపాకిలో దోషముందా, నాలో ఉందా? పెద్దలు చెప్పాలి.

---

కొల్లేటి_పాతకాపు | 6 జనవరి, రాత్రి

బాబూ, గురి సంగతి తర్వాత. ముందు నా ప్రశ్నకు జవాబు చెప్పు. ఏ తూటాలు వాడావు? తూటా గది పొడవు కొలిపించావా?

పాత ఇంగ్లీషు తుపాకుల్లో చాలావాటికి తూటా గది రెండున్నర అంగుళాలే, అంటే 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు రేంజిలో అందరూ కాల్చేది 70 మిల్లీమీటర్ల తూటా. అది లోపలికి హాయిగా దిగుతుంది, అదే అసలు ప్రమాదం. తూటా పేలినప్పుడు దాని మడిచిన మూతి విచ్చుకోవడానికి చోటు కావాలి. గది పొట్టిదైతే ఆ మూతి గొట్టం సన్నబడే చోట విచ్చుకుంటుంది. దారి ఇరుకై ఒత్తిడి పెరుగుతుంది. ఒకటి రెండుసార్లకు ఏమీ కనబడకపోవచ్చు. కానీ అది గొట్టానికీ, గొట్టం పట్టుకున్న నీ ఎడమ చేతికీ చేస్తున్న అన్యాయం.

కొలిపించే దాకా ఒక్క తూటా కూడా పెట్టకు. గొట్టాలు ఊడదీసి అడుగుభాగం చూడు, ప్రూఫ్ ముద్రలు, అంటే గొట్టాన్ని పరీక్షించి వేసిన గుర్తులు, ఉంటాయి. నైట్రో ప్రూఫ్ అని ఉందో లేదో చూసి రాయి. గొట్టాల ఒంటి మీద చెక్కలో ఉండే చారల్లాంటి మెలికలు కనబడితే అది ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి అతికిన డమాస్కస్ గొట్టం కావచ్చు. అప్పుడు దాని కథ పూర్తిగా వేరు.

---

వైనతేయ_గట్టు | 7 జనవరి, ఉదయం

బాబాయిగారూ, నిజం చెబుతున్నాను, కొలిపించలేదు. కాల్చింది 70 మిల్లీమీటర్లవే, 24 గ్రాముల గుళ్లున్నవి. మీ మాట చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. మెలికలు లేవు, గొట్టాలు నల్లగా ఉన్నాయి. నైట్రో ప్రూఫ్ అని, పక్కన 1⅛ అని ఉంది. పండగ లోపే రాజమండ్రి తీసుకెళ్లి చూపిస్తాను.

---

కొల్లేటి_పాతకాపు | 7 జనవరి, ఉదయం

మంచిది. 1⅛ అంటే ఔన్సుల్లో గుళ్ల బరువు. 32 గ్రాములు అన్నమాట, అంతవరకు పరీక్షించారని. నైట్రో ప్రూఫ్ ఉంది కాబట్టి పొగలేని మందుకు పనికొచ్చేదే. అయితే ఆ ముద్ర వేసిన నాటి సంగతి అది. తర్వాత ఎవరైనా లోపల అరగదీశారేమో గోడ మందం కొలిస్తేనే తెలుస్తుంది.

రాజమండ్రిలో ఇంకో పరీక్ష కూడా చేయించు. గొట్టాలను మాత్రం విడిగా తీసి, కింది కొక్కేన్ని వేలికి తగిలించి వేలాడదీసి, గోటితో మెల్లగా కొట్టాలి. గుడిగంటలా సన్నగా సాగే మోత రావాలి. పగిలిన ఇత్తడి చెంబులా బొదబొదమంటే, రెండు గొట్టాలను కలిపే మధ్య పట్టీ అతుకు ఎక్కడో వదిలినట్టు.

---

గౌతమి_రేవు | 7 జనవరి, మధ్యాహ్నం

పాతకాపు గారు చెప్పినదానికి తిరుగులేదు. అది తేలాక పనికొచ్చే మాట నేనొకటి చెబుతాను.

సరిగ్గా కాల్చినా పగల్లేదన్నారు కదా. మీరు చాలావరకు పళ్లెం కిందుగా కాలుస్తున్నారని నా అనుమానం. మన ఊళ్లలో ఇంటికి తాటి పట్టె వేసేటప్పుడు వడ్రంగి దాన్ని నిలువుగా పెడతాడు. పడుకోబెడితే బరువుకు వంగుతుంది. గొట్టాలూ అంతే. ఒకదాని మీద ఒకటి ఉన్న జత నిలువుగా పెట్టిన పట్టె, పైకీ కిందికీ వంగదు. పక్కపక్కన ఉన్న జత పడుకోబెట్టిన పట్టె. పేలిన క్షణంలో మూతి కొద్దిగా కిందికి ఊగుతుంది. గుళ్లు బయటపడేది ఆ ఊపులోనే. తయారుచేసేవారికి ఇది తెలుసు, పట్టీని, కర్రను దానికి తగ్గట్టే అమరుస్తారు. కానీ ఆ అమరిక ఎవరి ముఖానికి చేసిందో వారికే సరిపోతుంది.

ఇంకా ఒకటుంది. మీ ట్రాప్ తుపాకిని కావాలనే కొంచెం పైకి కాల్చేలా చేసి ఉంటారు, ఎందుకంటే ట్రాప్‌లో పళ్లెం పైకి లేస్తూ పోతుంది. మూతికి పైన పళ్లెం కనబడుతుండగానే కాల్చడం మీకు ఎనిమిదేళ్ల అలవాటు. తాతగారిది అలా పైకి కాల్చేది కాకపోవచ్చు. దానితో అదే చేస్తే గుళ్లు కిందినుంచి పోతాయి.

---

లంకతోట | 7 జనవరి, రాత్రి

రెండు ట్రిగ్గర్ల బాధ నేనూ పడ్డాను కాబట్టి రాస్తున్నాను. ముందు ట్రిగ్గర్ కుడి గొట్టానిది, వెనకది ఎడమ గొట్టానిది. కుడిదానికి చోక్, అంటే మూతి దగ్గరి ఇరుకు, వదులు, ఎడమదానికి బిగువు, మామూలుగా. ఒక ట్రిగ్గర్‌కు అలవాటుపడిన వేలు రెండోసారి కూడా అక్కడే వెతుకుతుంది. చాలామంది వేలిని మాత్రం వెనక్కి జరపాలని చూస్తారు. అప్పుడు వేలు ఇరుక్కుంటుంది, ముందు ట్రిగ్గర్ కణుపుకు తగిలి కమిలిపోతుంది. వేలు కాదు, చేయి మొత్తం అంగుళం వెనక్కి జారాలి. నిటారు కర్ర అందుకోసమే అలా ఉంది. వంపు పిడి చేతిని ఒకే చోట కట్టిపడేస్తుంది.

డమ్మీ తూటాలు రెండు కొనండి. ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, డమ్మీలు వేసి, గోడ మీద ఒక చుక్క చూస్తూ రోజూ ఇరవైసార్లు: ఎత్తడం, సేఫ్టీ తోయడం, ముందుది, జారడం, వెనకది. ఎత్తుతుండగానే బొటనవేలు సేఫ్టీని తోసెయ్యాలి. నాకు మూడు వారాలు పట్టింది.

ఎడమ చేయి ఎక్కడ పెడుతున్నారు? ముందు చెక్క మీదనా? అది పట్టుకోవడానికి కాదండీ, గొట్టాలు ఊడకుండా ఉండటానికి. చేయి ఇంకా ముందుకు, గొట్టాల మీదకే పోవాలి. పాతిక తూటాలకు కాలుతుంది, తోలు తొడుగు వేసుకోండి.

---

భీమవరం_చెరువులు | 8 జనవరి, ఉదయం

చర్చ మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. మా నాన్నగారి పేరు మీద కూడా ఇలాంటిదే ఉంది. చేపల చెరువుల మీద నీటికాకులు వాలి చాలా నష్టం చేస్తున్నాయి. దీనితో వాటిని కొట్టవచ్చా?

---

కొల్లేటి_పాతకాపు | 8 జనవరి, ఉదయం

కొట్టకూడదు. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, లైసెన్సు ఉన్నంత మాత్రాన పిట్టను కొట్టే హక్కు రాదు. కేసు అయితే తుపాకి, లైసెన్సు రెండూ పోతాయి. చెరువు మీద వల కట్టండి, తీగలు లాగండి, మనిషిని పెట్టి అరిపించండి.

ఇది చట్టానికి భయపడి చెబుతున్న మాట కాదు. చిన్నప్పుడు మా పెదనాన్నగారితో కొల్లేటిలో దోనె ఎక్కి తెల్లవారుజామున బాతులకు వెళ్లినవాణ్ణి. ఆ మంచులో నీళ్ల మీద రెక్కల చప్పుడు ముందు చెవికి వినబడేది, తర్వాతే కంటికి పిట్ట ఆనేది. ఆయన చేతిలో ఉన్నదీ పక్కపక్క గొట్టాలదే. ఆయన గొట్టం మూతి మీది పూసను చూసి గురిపెట్టడం నేను ఒక్కసారీ చూడలేదు. పిట్టనే చూసేవారు, తుపాకి చూపు వెంట వచ్చేది. తర్వాత కొల్లేరు మొత్తం చెరువుల గట్లయింది, 2006లో వాటిని కొట్టేసినప్పుడు వెళ్లి చూశాను. ఇప్పుడు ఆటపాక వెళ్లి గూడబాతులను చూసి వస్తుంటాను, అదే నాకు చాలు. ఆ చేతిపని మిగలాలంటే మట్టి పళ్లేల మీదే మిగలాలి. అందుకే ఈ కుర్రవాడి ప్రశ్న మీద ఇంత పట్టుదల నాకు.

---

సామర్లకోట_ట్రాప్ | 8 జనవరి, రాత్రి

నేను కొంచెం భిన్నంగా చెబుతాను. పోటీల్లో నిలబడాలని ఉంటే ఇటలీ తుపాకిని వదలకండి. ఒలింపిక్స్‌లో ట్రాప్, పళ్లేలు రెండు పక్కల నుంచి ఎగిరే స్కీట్ కాల్చేవారి చేతుల్లో ఉండేవి పైకింద గొట్టాలే. 2004 ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ డబుల్ ట్రాప్ రజతం తెచ్చిందీ అలాంటిదానితోనే. కారణాలు ఊహకు అందనివి కావు. సన్నని ఒకే పట్టీ కంటికి అడ్డు రాదు. కింది గొట్టం ముందు పేలుతుంది కాబట్టి దెబ్బ తిన్నగా భుజంలోకి దిగుతుంది, రెండో తూటాకు మూతి చెదరదు. మూడున్నర కిలోల బరువు ఊపును నిలబెడుతుంది. పక్కపక్క గొట్టాలదానికి కుడిది పేలితే కుడికి, ఎడమది పేలితే ఎడమకు లాగుతుంది.

రెండూ మార్చి మార్చి కాల్చవద్దు. ఈ వారం ఇది, వచ్చే వారం అది అంటే రెండూ చెడతాయి. ఆరు నెలలు ఒకదాన్నే కాల్చండి.

తుపాకి మీద మమకారం నాకు తెలియనిది కాదు. 2019 ఆయుధ చట్ట సవరణ తర్వాత ఒకరి పేరు మీద రెండు తుపాకులే ఉండాలన్నారు, వారసత్వంగా వచ్చినా అదే లెక్క. పేరున్న క్రీడాకారులకు మినహాయింపు ఉంది కానీ నేను ఆ స్థాయి కాదు. నాకు మూడు ఉండేవి. అప్పగించింది మా నాన్నగారి పక్కపక్క గొట్టాలదాన్ని. పోటీ తుపాకి ఉంచుకోవడమే తెలివైన పని అనుకున్నాను. ఇప్పుడు సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు ఆ ఖాళీ మేకు చూడలేను.

---

గౌతమి_రేవు | 8 జనవరి, రాత్రి

చివరి మాట చదివి మనసు బరువెక్కింది అన్నగారూ. మార్చి మార్చి కాల్చవద్దన్నది నూటికి నూరు పాళ్లు నిజం. బరువు గురించి మాత్రం ఒక మాట. గ్రీనర్ అనే పాత ఇంగ్లీషు తుపాకుల తయారీదారు లెక్క ఒకటుంది, తుపాకి బరువు గుళ్ల బరువుకు 96 రెట్లు ఉండాలని. 2.95 కిలోలంటే 30 గ్రాముల పైచిలుకు తూటాకు సరిపోతుంది. 24 గ్రాములు దానికి చాలా తేలిక. దెబ్బ గురించి బెంగ అక్కరలేదు.

---

పేరూరు_అగ్రహారం | 9 జనవరి, ఉదయం

నమస్తే అండీ. నేను స్కీట్ కాలుస్తాను. ఇన్ని సలహాల మధ్య అసలు పరీక్ష ఎవరూ చెప్పలేదు. తుపాకి మీకు సరిపోతోందో లేదో అభిప్రాయాలతో తేలదు, కాగితం మీద తేలుతుంది.

పెద్ద తెల్లకాగితం అంటించి మధ్యలో నల్ల చుక్క పెట్టండి. 16 గజాల దూరంలో, అంటే 14.6 మీటర్ల దగ్గర నిలబడండి. గురిపెట్టవద్దు. చుక్కను చూస్తూ తుపాకి ఎత్తి, భుజానికి తగలగానే నొక్కండి. అదే కాగితం మీద ఆరేడుసార్లు. గుళ్ల గుంపు నడిమధ్య ఎక్కడ పడిందో చూడండి. కంటికీ తుపాకి మూతికీ మధ్య దూరం సుమారు ఒక గజం. కాగితం దానికి పదహారు రెట్ల దూరంలో ఉంది. కాబట్టి కాగితం మీద ఒక అంగుళం తేడా వస్తే కర్ర దగ్గర పదహారో వంతు అంగుళం సవరించాలి. నాకు మొదటిసారి ఈ లెక్క వడ్రంగి పనిలా సూటిగా కనబడి ధైర్యం వచ్చింది. అప్పటిదాకా నా చేతులే బాగాలేవనుకుని కుమిలిపోయాను. మగవారి కొలతలకు చేసిన కర్రతో రెండేళ్లు వృథా చేశాను.

ఏ కన్ను బలమైనదో కూడా చూసుకోండి. రెండు కళ్లూ తెరిచి దూరంగా ఉన్న కొబ్బరికాయను వేలితో చూపించి, ఎడమ కన్ను మూయండి. వేలు కాయ మీదే ఉంటే కుడి కన్ను. పక్కకు జరిగితే ఎడమ కన్ను పెత్తనం చేస్తోంది. పక్కపక్క గొట్టాలు వెడల్పుగా కనబడతాయి కాబట్టి చూపు పళ్లెం వదిలి గొట్టాల మీదకు జారడం సులువు, జారిన క్షణంలో ఊపు ఆగిపోతుంది.

---

వైనతేయ_గట్టు | 22 జనవరి, రాత్రి

ఆలస్యానికి మన్నించాలి. అన్నీ చేశాకే రాద్దామని ఆగాను.

తూటా గది 65 మిల్లీమీటర్లే. పాతకాపు బాబాయిగారూ, మీకు నేను రుణపడి ఉన్నాను. గోడ మందం చాలినంత ఉందన్నారు, అతుకులు గట్టిగా ఉన్నాయి. గంట మోత నేనే స్వయంగా విన్నాను, చెవి దగ్గర పెట్టుకుంటే చాలాసేపు సాగింది. డీలరు 65 మిల్లీమీటర్ల తూటాలు తెప్పించి ఇచ్చారు.

తర్వాత కాగితం. ఏడు తూటాలు. గుంపు చుక్కకు 5 అంగుళాలు కింద, ఒక అంగుళం కుడికి. ఆ కాగితం చుట్టి ఇంటికి తెచ్చి తాతగారి ముందు పరిచాను. ఆయన కాగితం చూడలేదు, నా ముఖం చూశారు. 1961లో కొన్నప్పుడు నూనెలో కాచి కర్రను తన ముఖానికి తగ్గట్టు వంపు తిప్పించారట. అప్పటి ఫోటోలో ఆయన బుగ్గలు నిండుగా ఉన్నాయి. నావి లోపలికి పోయినవి. ఆయన కన్ను ఉండాల్సిన చోటికన్నా నా కన్ను కిందికి, కుడికి దిగుతోంది. గుళ్లూ అటే పోతున్నాయి.

5 అంగుళాలకు 5/16, సుమారు 8 మిల్లీమీటర్లు. కర్రను మళ్లీ వంచడానికి మనసు ఒప్పలేదు. తోలు తొడుగు ఒకటి కుట్టించి చెంప ఆనే చోట లేసులతో బిగించి, లోపల పలుచని తోలు ముక్కలు పేర్చాను. ఎత్తు పెరిగింది, చెంప కొంచెం ఎడమకు జరిగింది. రెండో కాగితం మీద గుంపు చుక్క చుట్టూనే పడింది.

మొన్న ఆదివారం 14, 16, 17. నా పాత లెక్కకు ఇంకా దూరమే. అయినా పగిలినవి ముక్కలు కాలేదు, నల్లటి పొగలా అయిపోయాయి.

---

కొల్లేటి_పాతకాపు | 22 జనవరి, రాత్రి

పొగలా పోయిందంటే గుంపు నడిమధ్యలో పడినట్టు. సంతోషం బాబూ. ఇప్పుడు ఒక నెల వెనక ట్రిగ్గర్ ఒక్కటే వాడు, ఒక్కో పళ్లేనికి ఒక్కటే తూటా. బిగువు చోక్ ఉన్నది ఎడమ గొట్టానికే, ట్రాప్ దూరానికి అదే నయం. చూపు పళ్లెం మీద స్థిరపడ్డాక రెండో గొట్టం సంగతి చూద్దువుగాని.

---

లంకతోట | 23 జనవరి, ఉదయం

క్షమించండి, నేను ఒప్పుకోను. మొదటి నెలలో రెండు ట్రిగ్గర్ల అలవాటు పడకపోతే తర్వాత ఇంకా కష్టం. రేంజిలో ఒకటే వాడినా, ఇంట్లో డమ్మీలతో రెండూ నొక్కడం మానవద్దు.

---

సామర్లకోట_ట్రాప్ | 23 జనవరి, ఉదయం

తుపాకి ఎలా దాస్తున్నారు? తోలు పెట్టెలోనా? మన డెల్టా గాలికి తోలు తేమ పీల్చి ఉక్కుకు పులుముతుంది. 2024 మే ఎన్నికల ముందు పోలీసులకు అప్పగించిన నా తుపాకి తిరిగొచ్చేసరికి గొట్టం లోపల గోధుమరంగు చుక్కలు. అప్పగించేటప్పుడు దట్టంగా నూనె రాసి ఇవ్వాల్సింది నేనే. బీరువాలో మూతి కిందికి ఉండేలా నిలబెట్టండి, లేకపోతే నూనె జారి కర్ర తలలోకి ఇంకి చెక్క మెత్తబడుతుంది. నల్లరంగు మళ్లీ వేయిస్తామని ఎవరైనా అంటే, వేడి రసాయనంలో ముంచనివ్వకండి. మధ్య పట్టీ అతుకును అది తినేస్తుంది.

---

వైనతేయ_గట్టు | 23 జనవరి, రాత్రి

అన్నగారూ, మంచి సమయంలో చెప్పారు. తాతగారు అరవై ఏళ్లుగా మన కొబ్బరినూనే రాశారు. ఈ చలికి తెల్లవారేసరికి సీసాలో గడ్డ కట్టినట్టే, ట్రిగ్గర్లు కదిలించే తాళాల లోపల కూడా తెల్లగా పేరుకుని ఉంది. రాజమండ్రిలో విప్పి కడిగి తుపాకి నూనె వేశారు. ఆయనకు చెబితే నొచ్చుకుంటారేమో అనుకున్నాను. "అందుకే మాఘంలో వెనకది బరువుగా కదిలేది" అన్నారు.

లంకతోట గారూ, డమ్మీల సాధన మానలేదు. సాయంత్రం వసారాలో గోడ వైపు తిరిగి నొక్కుతుంటాను. తాతగారికి ఇప్పుడు చూపు ఆనదు. మడత కుర్చీలో కూర్చుని వింటారు. రెండు టిక్కుల మధ్య వ్యవధి చెవితోనే పట్టేస్తున్నారు. "ఆలస్యం" అంటారు, లేదా "వేలు లాగావు, చేయి జారలేదు" అంటారు. ఆ రెండో మాట ఆయనకు చెవితో ఎలా తెలుస్తోందో నాకు అర్థం కాలేదు, కానీ చూసుకుంటే ప్రతిసారీ నిజమే. ఇవాళ ఇరవైసార్లు నొక్కితే పదమూడుసార్లు ఏమీ అనలేదు.